నేనెవరు, ఇప్పుడేం చెయ్యాలి: టీనేజ్ పాఠకుల కోసం సైన్స్ ఫిక్షన్ కథ రాయడం, మెట్టు మెట్టుగా

పదహారు, పదిహేడేళ్ల పిల్లల కోసం తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాయాలని చాలామందికి ఉంటుంది. రాయడానికి కూర్చున్నాక కథ రెండు చోట్ల చతికిలబడుతుంది. ఒకచోట యంత్రం బ్రహ్మాండంగా ఉంటుంది, మనిషి కనబడడు. ఇంకోచోట మనిషి ఉంటాడు కానీ ఆఖరి పేజీలో ఎవరో పెద్దాయన వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి కథ ముగిస్తాడు. ఈ రెండింటినీ పిల్లలు ఇట్టే పసిగడతారు.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ముందే చెప్పేస్తాను. 'నేనెవరు' అన్న ప్రశ్న ఒక పక్కన, 'ఇప్పుడేం చెయ్యాలి' అన్న ధర్మసంకటం ఇంకో పక్కన ఉంటే కథ తేలిపోతుంది. రెండూ ఒకే ముడిగా పడాలి. ఏ దారిన వెళ్లినా ఆ పిల్ల నిన్నటి పిల్లగా మిగలకూడదు.

చాలామంది మొట్టమొదటి సైన్స్ ఫిక్షన్ నవలగా లెక్కించే 'ఫ్రాంకెన్‌స్టైన్'లో ఉన్నది ఈ ముడే. మేరీ షెల్లీ 1816లో జెనీవా సరస్సు దగ్గర ఆ కథ మొదలుపెట్టినప్పుడు ఆమె వయసు 18. పుస్తకం 1818లో వచ్చింది. అందులో శాస్త్రవేత్త తయారుచేసిన ప్రాణికి పేరు కూడా ఉండదు. తనెవరో తెలియక అల్లాడిపోతూ, తనకొక తోడును తయారుచేసి ఇమ్మని అడుగుతుంది. ఇస్తే లోకానికి ప్రమాదమేమో, ఇవ్వకపోతే ఆ ప్రాణికి అన్యాయం. ప్రాణి వేసిన 'నేనెవరు' అన్న ప్రశ్నే శాస్త్రవేత్త మెడకు చుట్టుకుంది.

ఇక మెట్ల సంగతికి వద్దాం. మాటలతో చెబితే పట్టుబడదు కాబట్టి ఒక కథను మన కళ్ల ముందే కట్టుకుంటూ వెళ్దాం.

మొదటి మెట్టు: రెండు వాక్యాలు రాయండి

రోబో, క్లోన్, అంతరిక్ష నౌక అంటూ పరికరంతో మొదలుపెట్టకండి. ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. మొదటిది గుర్తింపు గురించి: 'ఫలానాది మారిపోయాక కూడా నేను నేనేనా?' రెండోది ధర్మం గురించి: 'ఫలానాది చేస్తే ఒకరికి, చెయ్యకపోతే ఇంకొకరికి నష్టం. ఏం చెయ్యాలి?'

మన కథ ఇది. వెన్నెలకు 17 ఏళ్లు. తెనాలి దగ్గర ఊరు. విజయవాడలో హాస్టల్లో ఉంటూ ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలం మరో ముప్పై, నలభై ఏళ్ల తర్వాత. అప్పటికి ఒకరు నేర్చుకున్నది ఇంకొకరి మెదడులోకి ఎక్కించే చికిత్స వచ్చింది. వెన్నెలకు కెమిస్ట్రీ అంటే గుండెదడ. నాన్న ఎకరం పొలం తాకట్టు పెట్టి ఆమెకు ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎక్కించాడు. ఆ కెమిస్ట్రీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర గౌరి అనే అమ్మాయిది. ఆమెకూ 17 ఏళ్లే.

మొదటి వాక్యం: 'నా ర్యాంకు గౌరి చదువుతో వస్తే, ఆ ర్యాంకు వచ్చింది ఎవరికి?' రెండో వాక్యం: 'గౌరికి తిరిగి ఇచ్చేస్తే నాన్న పొలం పోతుంది, ఉంచుకుంటే గౌరి చదువు పోతుంది.' ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతున్నాయి కదా. అలా లాగకపోతే ఆ ఆలోచన పక్కన పెట్టి ఇంకోటి వెతకండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఎంత చెక్కినా ప్రయోజనం ఉండదు.

రెండో మెట్టు: టెక్నాలజీ ఒకటే, దానికి గట్టి నియమం ఒకటే

కథలో కొత్త టెక్నాలజీ ఒక్కటి చాలు. ఎగిరే కార్లు, మాట్లాడే ఫ్రిజ్‌లు, కుజుడి మీద కాలనీ అన్నీ కలిపేస్తే పాఠకుడు దేని గురించి బెంగపడాలో తెలియక అయోమయంలో పడతాడు. ఆ ఒక్కదానికి ఒక నియమం పెట్టండి. కథలోని ధర్మసంకటం మొత్తం ఆ నియమం మీదే నిలబడుతుంది.

మన కథలో జ్ఞాపకం కాపీ అవుతుందా, లేక ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లిపోతుందా? కాపీ అయితే గౌరికి పోయేదేమీ లేదు. డబ్బు వచ్చింది, చదువూ ఉంది. వెన్నెలకు మిగిలేది పరీక్షలో మోసం చేశానన్న బాధ ఒక్కటే. అది చిన్న కథ. వెళ్లిపోతుంది అనుకోండి. గౌరి ఇక ఆర్గానిక్ పుస్తకం తెరిస్తే అక్షరాలు తప్ప అర్థం కనబడదు. ఒక్క నియమం మార్చేసరికి కథ బరువే మారిపోయింది.

దీనికి ఒక గడువు కూడా పెడదాం. ఎక్కించిన 90 రోజుల్లోపు అయితే వెనక్కి ఇవ్వొచ్చు, తర్వాత కుదరదు. ఎంట్రన్స్ పరీక్ష ఆ గడువు ముగిసిన మర్నాడే.

నియమం నమ్మేలా ఉండాలంటే కొంచెం అసలు సైన్స్ చదవాలి. ఇక్కడ మెదడు గురించి రెండు సంగతులు మనకు పనికొస్తాయి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛ తగ్గడానికి మెదడుకు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత జరిగేవేవీ ఆయనకు గుర్తుండేవి కావు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే అభ్యాసం ఇస్తే రోజురోజుకూ బాగా గీసేవారు. నిన్న గీసినట్టు మాత్రం ఆయనకు తెలియదు. అంటే చేతికి వచ్చే పని ఒకచోట, జరిగిన సంఘటన ఇంకోచోట నిలవుంటాయి. రెండోది, 2013లో ఎంఐటీలో సుసుము టోనెగావా బృందం ఎలుకలకు లేని జ్ఞాపకం కల్పించింది. ఎలుక ఒక డబ్బాలో ఉన్నప్పుడు పనిచేసిన మెదడు కణాలను గుర్తుపెట్టి, ఇంకో డబ్బాలో షాక్ ఇస్తూ ఆ కణాలనే కాంతితో మళ్లీ మేల్కొలిపారు. తర్వాత మొదటి డబ్బాలో పెడితే, అక్కడ ఏ కీడూ జరగకపోయినా, ఎలుక భయంతో బిగుసుకుపోయింది.

ఈ రెండూ కలిపితే మన కథకు కావలసిన లోపం దొరుకుతుంది. ఈ చికిత్స చేసే కంపెనీ 'పని మాత్రమే ఎక్కిస్తాం, సంఘటనలు రావు' అని చెప్పింది. కానీ గౌరి ఆ కెమిస్ట్రీని వాళ్లమ్మ పక్కన కూర్చుని చదువుకుంది. చదువుతో పాటు ఆ సాయంత్రాలూ వచ్చేశాయి. అంటే గౌరి దగ్గర ఆ సాయంత్రాలు లేవు.

పాఠకుడికి ఇదంతా పాఠంలా చెప్పొద్దు. మీకు తెలిసి ఉంటే చాలు, అది వాక్యాల్లో తెలుస్తుంది.

మూడో మెట్టు: ఈ వయసే ఎందుకో తేల్చుకోండి

కథానాయికకు ముప్పై ఏళ్లు చేసినా కథ ఇలాగే నడిస్తే అది యువతరం కథ కాదు. బాధ్యత మోయమనేంత పెద్దవాళ్లు, నిర్ణయించే హక్కు లేనంత చిన్నవాళ్లు అనే మధ్య స్థితి నుంచే ఈ కథలకు బలం వస్తుంది.

మన చట్టాల్లోనే ఆ స్థితి కనబడుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు ఒప్పందం చేసుకోలేరు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. అదే 2015 నాటి బాలల న్యాయ చట్టంలో, 16 నుంచి 18 మధ్య వయసువాళ్లు ఘోరమైన నేరం చేస్తే, పరిశీలించిన మీదట పెద్దవాళ్లలాగే విచారించే వీలుంది. శిక్షకు పెద్ద, సంతకానికి చిన్న.

గౌరి తన చదువు అమ్ముకున్న కాగితం మీద సంతకం ఎవరిది? వాళ్లమ్మది. వెన్నెలకు ఎక్కించడానికి ఒప్పుకున్నది ఎవరు? వాళ్ల నాన్న. మొత్తం వ్యవహారంలో ఇద్దరు అమ్మాయిల మెదళ్లు ఉన్నాయి, వాళ్ల సంతకాలు లేవు. ఇది దొరికాక కథ దానంతటదే కదులుతుంది.

నాలుగో మెట్టు: గుర్తింపును మాటల్లో చెప్పకండి, ఒంట్లో చూపించండి

ఎక్కువసేపు కూర్చోవలసింది ఇక్కడే. 'నేనెవరో నాకే తెలియడం లేదు' అని పాత్ర చేత అనిపించిన క్షణాన పాఠకుడు దూరం జరుగుతాడు. తనెవరో తెలియని స్థితి నోట్లోంచి, చేతుల్లోంచి, ఆకల్లోంచి బయటపడాలి. మన కథలో ఆ సన్నివేశం ఇలా ఉండొచ్చు:

స్టడీ అవర్‌లో వెన్నెల పెన్ను ఆగకుండా నడుస్తోంది. బెంజీన్ రింగు మీద ఏ గుంపు ఎక్కడ కూర్చుంటుందో చేతికే తెలిసిపోతోంది. పక్కనున్న షాహీన్ నోట్సు లాక్కుని చూసింది.

"ఈ రియాక్షన్లన్నీ ఎప్పుడు నేర్చుకున్నావే?"

"ఏటి?"

షాహీన్ తలెత్తింది. "ఏమన్నావ్?"

"ఏమిటీ అన్నాను."

"కాదు, ఏటి అన్నావ్."

వెన్నెల నోట్సు వెనక్కి లాక్కుంది. రాత్రి మెస్‌లో చారు వాసనకి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రోజూ ఉండే నీళ్ల చారే. ఎవరో వెనక కూర్చుని తన జుట్టు చిక్కు తీస్తున్నట్టు అనిపించింది. ఆ వేళ్ల నిండా నల్లటి జీడి మరకలు. అమ్మ చేతులకి అలాంటి మరకలు ఎప్పుడూ లేవు.

ఇందులో 'గుర్తింపు' అన్న మాట లేదు. తెనాలి పిల్ల నోట ఉత్తరాంధ్ర 'ఏటి' వచ్చింది, అంతే. ఆ ఒక్క మాటతో మనం ఎక్కడివాళ్లమో ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. విజయవాడ, హైదరాబాద్ హాస్టళ్లలో యాస చూసి నవ్వే పిల్లలు, యాస దాచుకునే పిల్లలు ఎందరో. అందుకే ఈ కథ చదివే పదిహేడేళ్ల పాఠకురాలికి ఆ 'ఏటి' ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. జీడి మరకలు కూడా ఊరికే పెట్టినవి కావు. పలాస చుట్టుపక్కల జీడిపప్పు పరిశ్రమలో ఎందరో ఆడవాళ్లు పనిచేస్తారు. పిక్కల పెంకులోని నూనె చేతులకు పట్టి, చర్మాన్ని పాడుచేస్తుంది. గౌరి వాళ్లమ్మ ఏ పని చేస్తుందో, ఆ ఇంటికి డబ్బు ఎందుకు అవసరమైందో వివరణ లేకుండానే వచ్చేసింది.

మీ కథలో ఇలాంటి గుర్తులు వెతికేటప్పుడు పెద్దవాటి జోలికి పోకండి. చెయ్యి తిరిగిన వంట, పలకరింపు, నిద్రపోయే తీరు, ఎవరి ముందు చెప్పులు విప్పుతారు, ఎవరిని ఏమని పిలుస్తారు లాంటివి చూడండి. వెన్నెల ఒకరోజు ఫోన్లో నాన్నతో మాట్లాడుతూ ఒక్క క్షణం ఆయన గొంతు కొత్తవాళ్ల గొంతులా విందనుకోండి. ఆ క్షణం కథ మొత్తంలోకి భయంకరమైనది. దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేయండి.

ఐదో మెట్టు: అందరి తరఫునా వాదించండి

కథ రాసే ముందు ప్రతి పాత్ర తరఫున ఒక్కో పేజీ 'నేను చేసింది తప్పు కాదు' అని రాయండి. కథలోకి అది రాకపోయినా పర్వాలేదు. ఏ పాత్ర పేజీ అయినా రాయలేకపోతే ఆ పాత్రను మీరు విలన్‌ని చేసేశారన్నమాట. విలన్ ఉంటే ధర్మసంకటం ఉండదు. అతన్ని ఓడిస్తే సరిపోతుంది.

వెన్నెల నాన్న ఏమంటాడు? 'పక్కింటి పిల్లలందరూ ఎక్కించుకుంటున్నారు. నా కూతురొక్కతే ఉత్త మెదడుతో పోటీ పడాలా?' షాహీన్ ఏమంటుంది? 'మా ఇంట్లో తాకట్టు పెట్టడానికి పొలమే లేదు. నేను రాత్రంతా కూర్చుని చదివింది నీకు మూడు గంటల్లో ఎక్కింది.' కంపెనీ కౌన్సెలర్ ఏమంటుంది? ఆమెనూ మంచి మనిషిగానే రాయండి. గౌరి చెల్లెలి వైద్యానికి డబ్బు దొరికింది తన వల్లే అని ఆమె నిజంగానే నమ్ముతుంది.

ఇక గౌరి. రచయితలు ఎక్కువగా అన్యాయం చేసేది ఈ పాత్రకే. నష్టపోయిన మనిషిని జాలి కోసం ఒక మూల కూర్చోబెట్టి, కథానాయిక గొప్పతనం చూపించుకోవడానికి వాడుకుంటారు. గౌరికి తన మాట తనకు ఉండాలి. వెన్నెల బస్సెక్కి పలాస వెళ్లి 'నీది నీకు ఇచ్చేస్తాను' అంటే, గౌరి 'వద్దు' అనొచ్చు. 'ఇచ్చేస్తే డబ్బు వాపసు కట్టాలి. చెల్లికి మందులు ఎవరు కొంటారు? నువ్వు నీ బాధ తగ్గించుకోవడానికి వచ్చావు' అనొచ్చు. అప్పుడు వెన్నెల మంచితనం కూడా ఒక ప్రశ్న అయిపోతుంది. నాకైతే ఈ కథ ఇక్కడే మొదలైనట్టు అనిపిస్తుంది.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. మన దగ్గర ఎవరు అమ్ముకుంటారు, ఎవరు కొంటారు అన్నది గాలివాటంగా జరగదు. కులం, భూమి, ప్రాంతం, ఆడపిల్ల కావడం అన్నీ అందులో ఉంటాయి. భవిష్యత్తు కథ కదా అని వీటిని తుడిచేస్తే మీ భవిష్యత్తు ఎవరికీ చెందకుండా పోతుంది.

ఆరో మెట్టు: అమ్మానాన్నలను కథలోంచి పంపించెయ్యకండి

ఇంగ్లిష్‌లో వచ్చే ఈ తరహా నవలల్లో చాలావాటిలో తల్లిదండ్రులు చనిపోయి ఉంటారు, లేదా దూరంగా ఉంటారు. పిల్లలు ఒంటరిగా నిర్ణయించుకోవడానికి అది సులువైన దారి. మన ఇళ్లల్లో అలా కుదరదు. హాస్టల్లో ఉన్నా ఆదివారం ఫోన్ వస్తుంది, పచ్చడి సీసా వస్తుంది, నాన్న అవుటింగ్‌కి వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. ఆ ప్రేమే పిల్ల కాళ్లకు బంధం. దాన్ని వాడుకోండి.

ప్రేమించే పెద్దవాళ్లు ఉన్నప్పుడే దెబ్బ గట్టిగా తగులుతుందనడానికి లోయిస్ లౌరీ 1993లో రాసిన 'ద గివర్' మంచి ఉదాహరణ. అందులో పన్నెండేళ్ల జోనస్ తండ్రి పసిపిల్లలను చూసుకునే ఉద్యోగి, మెత్తని మనిషి. కవలల్లో బరువు తక్కువున్న బిడ్డను 'విడుదల' చెయ్యడమంటే ఏమిటో జోనస్ వీడియోలో చూస్తాడు. ఆయన ఆ బిడ్డతో ముద్దుగా మాట్లాడుతూనే ఇంజెక్షన్ ఇచ్చి చంపుతాడు. అది తప్పని ఆయనకు తెలియదు. ఆ తండ్రి క్రూరుడైతే ఆ పేజీ మనల్ని ఇంతగా వెంటాడేది కాదు.

వెన్నెల నాన్న కూడా అలాగే. గౌరి సంగతి తెలిస్తే ఆయన నిద్రపోలేడు. అయినా ఇచ్చెయ్యమనడు. ఆ రెండూ నిజమే కావాలి.

ఏడో మెట్టు: నిర్ణయం పిల్లదే, ఖరీదు కనబడాలి

మనకు బేతాళ కథలు ఉన్నాయి. ధర్మసంకటాన్ని కథగా మలచడం ఆ సంప్రదాయానికి వెన్నతో పెట్టిన విద్య. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన 'కథాసరిత్సాగరం'లోనూ ఉన్న తలలు మారిన కథ గుర్తుచేసుకోండి. ఒకామె భర్త, ఆమె అన్న ఇద్దరూ అమ్మవారి గుడిలో తలలు నరుక్కుంటారు. దేవి కరుణించి అతికించమంటే ఆమె కంగారులో తలలు మార్చి పెడుతుంది. భర్త ఎవరు? శరీరానికి తలే ముఖ్యం కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అంటాడు విక్రమార్కుడు.

గుర్తింపు గురించి ఇంతకన్నా పదునైన ప్రశ్న దొరకదు. కానీ జవాబు చెప్పినవాడు రాజు. తలలు మార్చిన ఆమెను ఎవరూ అడగలేదు, తర్వాత ఆమె ఎవరితో ఎలా బతికిందో ఎవరూ చెప్పలేదు. యువతరం సైన్స్ ఫిక్షన్ అక్కడ మొదలవ్వాలి. జవాబు ఆమె చెప్పాలి, చెప్పాక రేపు పొద్దున్న ఆమె నిద్రలేచి ఏం చేసిందో చూపించాలి.

మన కథలో దారులు ఇవి. వెన్నెల వెనక్కి ఇవ్వొచ్చు. ఉంచుకుని, ర్యాంకు తెచ్చుకుని, గౌరి చదువుకు డబ్బు కట్టొచ్చు. పరీక్ష రాయకుండా జరిగింది బయటపెట్టొచ్చు, దాంతో షాహీన్‌కు మేలు, గౌరి కుటుంబం మీద కేసు. నేను రాస్తే వెన్నెల, గౌరి కలిసి నిర్ణయించుకునేలా రాస్తాను. సంతకాలు లేని ఇద్దరూ మొదటిసారి తమ మాట తాము చెప్పడం ఈ కథకు తగిన ముగింపు. ఏం నిర్ణయించారన్నది మీ ఇష్టం. ఏదైనా సరే, పోయింది ఏమిటో కనబడాలి. పొలం పోతే నాన్న కూలికి వెళ్లే మొదటి రోజు చూపించండి. సాయంత్రాలు పోతే, గౌరి వాళ్లమ్మ చెప్పే పాత ముచ్చటకు గౌరి మర్యాదగా నవ్వడం చూపించండి.

చివర్లో లాటరీ తగలడం, శాస్త్రవేత్త వచ్చి కాపీ చేసే పద్ధతి కనిపెట్టడం వద్దు. ఆత్మహత్యను పరిష్కారంగా అసలే వాడకండి. పరీక్షల ఒత్తిడిలో ఉన్న పిల్లలు ఈ కథ చదువుతారు. వాళ్ల చేతిలో అలాంటి ముగింపు పెట్టే హక్కు మనకు లేదు.

ఎనిమిదో మెట్టు: భాష

కొత్త టెక్నాలజీకి నిఘంటువు వెతికి నాలుగు సమాసాల పేరు పెట్టకండి. హాస్టల్ పిల్లలు ఏమంటారో ఆలోచించండి. 'స్మృతి స్థానాంతరణ ప్రక్రియ' కంపెనీ కాగితాల్లో ఉంటుంది. పిల్లలు మాత్రం 'ఆర్గానిక్ ఎక్కించుకున్నావా?' అంటారు, సెలైన్ ఎక్కించుకున్నంత మామూలుగా. ఆ మాట వింటే చాలు, ఈ చికిత్స ఆ లోకంలో ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది. కథనం తేలిక తెలుగులో ఉంచి, యాసను సంభాషణల్లో అవసరమైనంత వాడండి. గౌరి భాషను నవ్వుకోసం రాయకండి. ఉత్తరాంధ్ర వాళ్లెవరికైనా చదివి వినిపించి, తప్పుంటే దిద్దించుకోండి.

తొమ్మిదో మెట్టు: పదిహేడేళ్ల వాళ్లకు ఇచ్చి చదివించండి

తోటి రచయితల కన్నా ముందు ఇంటర్ చదివే పిల్లలకు ఇవ్వండి. 'బాగుందా' అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. 'నువ్వైతే ఏం చేసేదానివి?' అని అడగండి. అందరూ ఒకే జవాబు చెబితే త్రాసు ఒకవైపే మొగ్గిందని అర్థం. ఐదో మెట్టుకు వెళ్లి, తేలికైన వైపు వాదన మళ్లీ రాయండి. జవాబులు వేరువేరుగా వచ్చి వాళ్లలో వాళ్లు వాదించుకోవడం మొదలుపెడితే మీరు మధ్యలోకి వెళ్లకుండా, ఎవరు ఏ వాక్యాన్ని సాక్ష్యంగా చూపిస్తున్నారో రాసుకోండి. ఆ వాక్యాలను తర్వాతి ప్రతిలో ముట్టుకోవద్దు. ఎవరూ ఎత్తని పేరాలను మాత్రం ఒక్కొక్కటే తీసేసి చూడండి. కథకు ఏమీ కాకపోతే వాటిని మళ్లీ పెట్టక్కర్లేదు.